మా నాన్న మిలటరీ నుంచి రిటైరై వచ్చారు, ఇంట్లో ఏమీ చెప్పరు. మాజీ సైనికులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే నిజంగా ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. కానీ ఎక్కడ, ఎవరితో అన్నదే అసలు సంగతి.

అడిగితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతారని రాశారు. వెళ్ళనివ్వండమ్మా. అవి ఇంట్లోవాళ్ళకి చెప్పే మాటలు కావు. నేను సిగ్నల్స్‌లో హవల్దార్‌గా చేసి వచ్చాను. మాది పలాస దగ్గర ఉద్దానం. మా వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఒక ఫౌజీ ఉంటాడు, లేదా ఫౌజీ కాబోయే గుంటడు తెల్లారగట్ల రోడ్డు మీద పరుగు తీస్తూ ఉంటాడు.

పంద్రాగస్టుకి బడికి పిలుస్తారు. శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, 'మీ అనుభవాలు పిల్లలకి చెప్పండి సార్' అంటారు. ఏం చెబుతాం? దేశభక్తి గురించి నాలుగు ముక్కలు చెప్పి, చాక్లెట్ తీసుకుని వచ్చేస్తాం. వెనక బెంచీ కుర్రాడు ఎంతమందిని కాల్చారని అడుగుతాడు, మాస్టారు నవ్వుతాడు. అలాంటి చెప్పుకోవడం వల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదు.

మా ఊళ్ళో నిజంగా మాటలు బయటికొచ్చింది తిత్లీ తుపానప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయిపోయాయి. ఊరి నుంచి మెయిన్ రోడ్డుకి పోయే దారంతా చెట్లే. ఎవరో వచ్చి తీస్తారని కూర్చుంటే పాల ప్యాకెట్ కూడా రాదని మాజీలమంతా గొడ్డళ్ళు, కత్తులు పట్టుకుని దిగాం.

మాలో సియాచిన్ గ్లేసియర్ మీద, ఆ మంచులో, డ్యూటీ చేసి వచ్చినవాడు ఒకడున్నాడు. నలభై దాటాయి గానీ మాకు కుర్రాడే. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు, సాయంత్రమైతే సీసా. మాను లాగడానికి నైలాన్ తాడు వాడి చేతికిచ్చాం. ముడి వేశాడు. లాగి చూశాడు. విప్పేశాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ విప్పేశాడు. 'ఏట్రా, పెళ్ళికూతురికి జడేస్తన్నావా?' అని ఎవడో అన్నాడు, అందరం నవ్వాం. వాడు తాడు అక్కడే పడేసి పోయి గట్టు మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో కుడి చేతి మణికట్టు గట్టిగా పట్టుకుని, అలాగే.

ఆ రాత్రి బడి వరండాలో అందరికీ ఒకేచోట వంట. కరెంటు లేదు, టీవీ లేదు, ఫోన్లన్నీ ఛార్జింగ్ అయిపోయి చచ్చాయి. ఇంక మనుషులు మాట్లాడుకోక ఏం చేస్తారు? మొదలెట్టింది మా సుబేదార్ మావ. 1999లో కార్గిల్ యుద్ధానికి ద్రాస్ వైపు ఫిరంగుల దగ్గర పనిచేసినవాడు.

'నాకు కుడి చెవి ఇనబడదని మీకందరికీ తెలుసు గదా. గన్నుల పక్కనుండి పోయింది. పోతే పోయింది. ఇంటికొచ్చిన మొదటి దీపావళికి వీధిలో ఎవడో లక్ష్మీబాంబు ఎట్టాడు. సూస్తే నేను మంచం కింద ఉన్నాను. మీ అత్త పిల్లలకి ఏటి సెప్పిందో తెలుసా? మీ నాన్న ఎలక కోసం దూరాడర్రా అంది. ఆ ఎలకని నాను ఏడాదేడాదీ పట్టానొరే!'

అందరం పడీపడీ నవ్వాం, గ్లేసియర్ కుర్రాడితో సహా. ఆ నవ్వు అయ్యాక వాడు నోరు విప్పాడు. అక్కడ మంచు కింద చీలికలుంటాయి, పైకి కనబడవు. అందుకని అందరూ ఒకే తాడుకి కట్టుకుని నడుస్తారు, ఒకడు పడితే మిగతావాళ్ళు ఆపాలి. ఒక పెట్రోలింగ్‌లో వీడి ముందు నడిచేవాడు పడ్డాడు. తాడు ఆగింది, పైకి లాగారు, కానీ మనిషి దక్కలేదు. అతని నడుముకి ఆ పొద్దున ముడి వేసింది వీడు. ముడి జారలేదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా వీడికి నిద్రలో అది జారుతూనే ఉంటుంది.

సుబేదార్ మావ ఓదార్చలేదు. ఏ ముడి, ఎంత లావు తాడు, ఎవరు చెక్ చేశారు, పైకి లాగడానికి ఎంతసేపు పట్టింది, ఇవన్నీ అడిగాడు, ఎంక్వయిరీలో అడిగినట్టే. వాడు ఒక్కోదానికీ నిటారుగా కూర్చుని జవాబు చెప్పాడు. తర్వాత ఆ నైలాన్ తాడే తెప్పించి, 'ఇప్పుడు ఎయ్' అన్నాడు. టార్చి వెలుగులో వేశాడు. వరండా స్తంభానికి ఒక కొస కట్టి మేమందరం రెండో కొస లాగాం. కదల్లేదు. 'ముడి బాగుంది. పోయి పడుకో' అన్నాడు మావ.

వాడి భార్య ఎన్నేళ్ళ నుంచో 'నీ తప్పేం లేదు' అంటూనే ఉంది. ఆ మాట వినగానే వాడు నోరు మూసుకునేవాడు. ఆవిడ మంచి కోసమే అంది, కాదనను. కానీ ఆ ముడి సంగతి తెలిసినవాడు చెబితేనే వాడికి నమ్మకం. అద్భుతాలేమీ జరగలేదు. ఇప్పటికీ తాగుతాడు, తగ్గించాడంతే. నిద్ర పట్టకపోతే మాత్రం మావ ఇంటి అరుగు మీదకొచ్చి కూర్చుంటాడు.

మేమెందుకు చెప్పమంటే, సర్వీసులోనే దాచడం అలవాటవుతుంది. నిద్ర పట్టడం లేదని ఎం.ఐ. రూమ్‌లో, అంటే యూనిట్ డాక్టరు దగ్గర, చెబితే మెడికల్ కేటగిరీ పడిపోతుందని భయం. పూర్తి ఫిట్ అని ఇచ్చే షేప్-వన్ పోతే ప్రమోషన్ మీద ఆశ వదులుకోవాలి. మోకాలి నొప్పి కూడా దాచి పరిగెత్తినవాళ్ళం, మనసులో సంగతి చెబుతామా? డాక్టర్లు ఏమంటారో గానీ, నా లెక్కలో సగం జబ్బు ఇదే. మీ నాన్నగారు మరీ ఇబ్బంది పడుతుంటే మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. కానీ ఆయన చేత ఫోన్ చేయించడానికైనా ఇంకో ఫౌజీ కావాలి, చూసుకోండి.

బంధువుల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 'మిలటరీ మావయ్యా' అని ఫోన్ చేశాడంటే క్యాంటీన్ మందు కోసమే. కోటా ఎంత, బ్రాండ్లు ఏమున్నాయి, అల్లుడొస్తున్నాడు ఒకటి ఇప్పించండి. ఎలా ఉన్నావని అడిగినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. పొద్దున్నే జై జవాన్ అని వాట్సాప్‌లో జెండా బొమ్మ పెట్టేదీ వీళ్ళే.

ఇక మగవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడం ఎలాగంటే, కాగితం పట్టుకుని రమ్మనాలి. మా ఊళ్ళో ఒక నాయక్ పోతే ఆయన భార్యకి ఫ్యామిలీ పెన్షన్ దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. రికార్డుల్లో ముద్దుపేరు, ఆధార్‌లో అసలు పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. ఒక ఆఫీసు కౌంటర్లో ఆమె ముఖమ్మీదే 'ఆవిడా నువ్వూ ఒకటేనని రుజువేంటి?' అన్నారు. దారి చూపించింది అదే చిక్కు పడి బయటపడిన ఇంకో ఊరి సుబేదార్. ఆ కాగితాల కోసం తిరిగిన రోజుల్లో బస్టాండ్లో టీ తాగుతూ ఆయనా మేమూ చెప్పుకున్నన్ని మాటలు ఏ సన్మాన సభలోనూ చెప్పుకోలేదు.

మీది బొబ్బిలి వైపు అన్నారు కదా, చుట్టుపక్కల ఊళ్ళలో మావాళ్ళు ఉండే ఉంటారు. 'నాన్నా, మీ కథ చెప్పండి' అని అడగకండి. పెన్షన్ మంజూరు కాగితం, అదే పీపీఓ, తీసి అమ్మ పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడమనండి, పెళ్ళి సంగతి సర్వీసు రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ పడిందా అని అడగండి. తేడా ఉంటే ఆయనే చెప్పులేసుకుని తెలిసిన సుబేదార్‌ని వెతుక్కుంటూ బయల్దేరతారు. తేడా లేకపోయినా, ఉందేమోనని కాస్త అనుమానం పెట్టండి.