లా అల్బెర్కా పండక్కి వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

ఆగస్టు 15న మేరీమాత పండక్కి నీ క్లాస్‌మేట్ స్పెయిన్‌లోని వాళ్ల ఊరు లా అల్బెర్కాకు రమ్మని పిలిచిందట, వెళ్లాలా వద్దా అని టెన్షన్ పడుతున్నావట. మీ అమ్మ చెప్పింది. తప్పకుండా వెళ్లు. ఒక్కటే మాట, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయకు. రెండు రాత్రులు ఉండు.

అక్కడికి దగ్గర్లోని సలమాంకా నగరంలో చదువుకున్న రోజుల్లో నేనూ రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఎవరింటికీ కాకుండా, కెమెరా పట్టుకుని వెళ్లి, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఏమీ చూడనట్టే అనిపించింది. మరుసటి ఏడాది ఒక స్నేహితురాలి అమ్మమ్మగారింట్లో ఉన్నాను. అప్పుడు తెలిసింది అది ఎవరి పండగో.

అక్కడివాళ్లు 'మి ప్వెబ్లో' అంటారు, అంటే మా ఊరు. మాడ్రిడ్‌లో పుట్టి పెరిగినవాళ్లు కూడా తాతముత్తాతల ఊరినే అలా చెప్పుకుంటారు. సంక్రాంతికి మనవాళ్లు హైదరాబాద్ ఖాళీ చేసి ఊళ్లకు పోయినట్టే, ఆగస్టులో వాళ్లూ ఊళ్లకు చేరతారు. మామూలు రోజుల్లో వెయ్యి మందికి కాస్త అటూఇటూ ఉండే ఆ ఊళ్లో ఆ రోజు కాలు పెట్టే చోటుండదు. 15 దేశమంతా సెలవు, బస్సులు అసలే తక్కువ. రానూపోనూ టికెట్లు ముందే చూసుకో. ఊరు వెయ్యి మీటర్లకు పైన కొండల్లో ఉంది, రాత్రికి స్వెటర్ కావాలి. వీధులన్నీ రాళ్లు పరిచినవి, చెప్పులు కాదు, బూట్లు వేసుకో.

15న మేరీమాత విగ్రహాన్ని ప్లాసా మయోర్‌కు, అంటే ఊరి పెద్ద చౌకుకు, తెస్తారు. ఆమె ముందు జనం వచ్చి కానుకలు సమర్పించడమే ఒఫెర్తోరియో. ఒకే మనిషి ఎడమచేత్తో పిల్లనగ్రోవి పట్టుకుని ఊదుతూ, కుడిచేత్తో డోలు వాయిస్తుంటాడు. ఆడవాళ్లు వేసుకునే 'విస్తాస్' దుస్తుల్ని దగ్గరగా చూడు. ముదురు రంగు బట్ట మీద మెడ నుంచి మోకాళ్ల దాకా వెండి గొలుసులు, పగడాలు, తాయెత్తులు వరసలు వరసలుగా వేలాడుతుంటాయి. ఆ బరువుకు నడక నిదానమై, అడుగడుగుకీ గలగలమంటుంది. చాలా ఇళ్లలో అవి అమ్మమ్మల నుంచి వచ్చినవి. ఖరీదు అడగకు, అడగకుండా ముట్టుకోకు. చీర కట్టుకోవాలని ఉంటే రాత్రి డ్యాన్సులకు, అదే వెర్బేనాకు, కట్టుకో. పొద్దుట చౌకులో మాత్రం వాళ్ల దుస్తులకే చోటివ్వాలని నా అభిప్రాయం.

16న లోవా అనే నాటకం. ఊరివాళ్లే వేషాలు కడతారు. ఏడు తలల పాము మీద, టపాసుల మోతల మధ్య, దయ్యం వస్తుంది. మన వీధి భాగోతంలో హిరణ్యకశిపుడు వచ్చినప్పుడు పిల్లలు అమ్మ చెంగు పట్టుకున్నట్టే అక్కడి పిల్లలూ పట్టుకుంటారు. పద్యాలు నీకు సగం అర్థం కాకపోయినా పర్వాలేదు, పక్కనున్న పెద్దవాళ్ల పెదాలు చూడు, వేషగాడికంటే ముందే చెప్పేస్తుంటారు.

తిండి సంగతి ముందే ఫోన్‌లో చెప్పెయ్. 'కార్నె (మాంసం) తినను' అంటే చాలదు, చాలామంది లెక్కలో హమోన్, అంటే పంది తొడ మాంసం, అందులోకి రాదు. 'ని కార్నె, ని హమోన్, ని పెస్కాడో' (మాంసం వద్దు, హమోన్ వద్దు, చేపా వద్దు) అని మూడూ చెప్పు. పతాతాస్ మెనియాస్ చూడ్డానికి ఎర్రటి ఆలుగడ్డ ముద్దే, కానీ పైన పంది ముక్కలుంటాయి. ఆ కొవ్వులోనే చేసి ఉండొచ్చు కూడా. ఓర్నాసో అనే రొట్టె లోపలా మాంసమే. నువ్వు గుడ్డు తింటావు కాబట్టి తోర్తియ్యా (ఆలుగడ్డ ఆమ్లెట్), రొట్టె, చీజ్, టొమాటోతో గడిచిపోతుంది. ఆ ఊరి తేనె, తుర్రోన్ అనే బాదం మిఠాయి మాత్రం వదలకు. భోజనం మధ్యాహ్నం రెండు దాటాకే, రాత్రి తొమ్మిదిన్నర దాటాకే. సంచిలో అరటిపళ్లు పెట్టుకో. ఉత్త చేతులతో వెళ్లకు, అమ్మ పంపిన సున్నుండల డబ్బా ఇవ్వు. తిన్నాక గిన్నెలు తియ్యి, వద్దన్నా తియ్యి.

మునిమాపు వేళ ఎక్కడున్నా ఇంటికి వచ్చెయ్. ఆ ఊళ్లో పండగైనా కాకపోయినా రోజూ ఆ వేళకు ఒకామె గంట మోగిస్తూ వీధి మూలమూలా ఆగి, చనిపోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థించమని అడుగుతుంది. మోసా దె ఆనిమాస్ అంటారు. నేనున్న ఇంట్లో ఆ గంట వినగానే అమ్మమ్మగారు చేతిలో పని ఆపి గుమ్మం దగ్గర నిలబడేవారు. నువ్వూ నువ్వున్న ఇంటివాళ్ల పక్కన నిలబడు. ఫోన్ తియ్యకు.

ప్రేమతో,
పిన్ని