తిరుగు దారిలో తప్పిపోయిన బాంబర్

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులేయడానికి వెళ్ళి వస్తూ మాయమైన అమెరికా విమానం ఒకటి పదిహేనేళ్ళ తర్వాత సహారాలో దొరికిందనీ, అందులో ఫ్లాస్కులో టీ కూడా పాడవలేదనీ వాట్సాప్‌లో వచ్చింది. మా మనవడేమో ఫేక్ తాతయ్యా అని కొట్టిపారేస్తున్నాడు. నిజమేంటి?
– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: ఈసారికి వాట్సాపే గెలిచిందండి మాస్టారూ, మీ మనవడికి చెప్పండి. ఆ విమానం పేరు లేడీ బీ గుడ్, బీ-24 లిబరేటర్ రకం (మన ఎయిర్‌ఫోర్స్ కూడా 1968 దాకా ఈ లిబరేటర్లు నడిపింది). 1943 ఏప్రిల్ 4న లిబియాలోని సోలుక్ బేస్ నుంచి ఇటలీలోని నేపుల్స్ రేవు మీదకి బయల్దేరింది, లోపల తొమ్మిదిమంది, ఆ క్రూకి అదే మొదటి మిషన్. నేపుల్స్‌లో వేయాల్సిన బాంబులు వేయకుండానే సముద్రంలో పారేసి వెనక్కి తిరిగారు, అప్పటికే చీకటి పడిపోయింది.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో చాలామంది సరిగ్గా చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. రాత్రి 12:12కి పైలట్ హాటన్, మా డైరెక్షన్ ఫైండర్ పనిచేయట్లేదు, దారి చెప్పండి అని లిబియాలోనే ఉన్న బెనీనా స్టేషన్‌ని రేడియోలో అడిగాడు. వాళ్ళు లూప్ యాంటెన్నా తిప్పి చూసి 330 డిగ్రీలు అన్నారు. ఇదివరకు ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉండేది కదా, విజయవాడ స్టేషన్ సరిగా వినపడకపోతే దాన్ని అటూ ఇటూ తిప్పేవాళ్ళం, ఒకచోట గొంతు బాగా సన్నగిల్లేది, అక్కణ్ణుంచి పూర్తిగా వెనక్కి తిప్పినా మళ్ళీ అంతే సన్నగిల్లేది గుర్తుందా? ఈ లూప్ కూడా అచ్చం అంతే, సిగ్నల్ ఏ గీత మీద ఉందో చెప్తుంది గానీ ముందు వైపా వెనక వైపా చెప్పలేదు. 330 అంటే వాయవ్యం, అంటే ఇంకా సముద్రం మీదే ఉన్నారు, వస్తున్నారు అనుకున్నారు. నిజానికి విమానం అప్పటికే బేస్ దాటేసి ఆగ్నేయంగా, 150 డిగ్రీల వైపు, ఎడారి మీద పోతోంది. కింద బేస్‌లో ఇంజిన్ చప్పుడు విని ఫ్లేర్లు (ఆకాశంలోకి పేల్చే వెలుగు గుర్తులు) కూడా కాల్చారు, పైవాళ్ళకి కనపడలేదు. రాత్రిపూట పైనుంచి చూస్తే ఎడారైనా సముద్రమైనా ఒకటే నలుపు కదండీ, ఇంకో రెండు గంటలు అలాగే దక్షిణంగా పోయి, పెట్రోలు అయిపోవస్తుంటే తెల్లవారుజామున రెండింటికి పారాచూట్లతో దూకేశారు. బేస్‌కి 700 కిలోమీటర్ల దూరంలో!

ప్రశ్న: దూకినవాళ్ళు బతికారా?
– ఇంటర్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: లేదమ్మా. బాంబార్డియర్ (బాంబులు వదిలే పని చూసే అతను) వోరావ్కా పారాచూట్ సరిగ్గా తెరుచుకోలేదు, మిగతా ఎనిమిదిమంది ఒకచోట కలుసుకుని, సముద్రం దగ్గర్లోనే ఉందనుకుని వాయవ్యంగా నడక మొదలెట్టారు. చేతిలో ఉన్నది అర క్యాంటీన్ (సైనికులు వెంట తీసుకెళ్ళే నీళ్ళ సీసా) నీళ్ళు, మనిషికి రోజుకో మూతెడు. కో-పైలట్ టోనర్ డైరీ రాస్తూ వచ్చాడు కాబట్టి ఇవన్నీ తెలిశాయి. వెతికేవాళ్ళ కోసం బూట్లు బాణం గుర్తులా పేర్చారు, పారాచూట్ గుడ్డ ముక్కలు పరిచి గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టారు, లైఫ్ జాకెట్లు కూడా దారి పొడుగునా దొరికాయి. ఏప్రిల్ 9న ఐదుగురు ఇక అడుగెయ్యలేక ఆగిపోతే ముగ్గురు సాయం కోసం ముందుకెళ్ళారు. డైరీలో చివరి రాత 12వ తేదీది, ఇంకా సాయం రాలేదు, రాత్రి చలి బాగా ఉంది అని. ఎండలో పోయారనుకుంటాం, ఆయన రాసుకున్నది చలి గురించి.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. వీళ్ళు దూకేశాక విమానం ఇంకో 26 కిలోమీటర్లు తనంతట తనే పోయి, గట్టి చదును నేల మీద పొట్టతో జారుకుంటూ ఆగింది. అందులో నీళ్ళున్నాయి, తిండి ఉంది, రేడియో పనిచేస్తోంది. కానీ అది దక్షిణాన, వీళ్ళ నడక ఉత్తరం వైపు. విమానం ఎక్కడ పడిందో వాళ్ళకేం తెలుసు పాపం.

ప్రశ్న: ఎవరు కనిపెట్టారు, ఇప్పుడెక్కడుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 1958లో చమురు కోసం సర్వే చేస్తున్న బ్రిటిష్ వాళ్ళకి విమానంలోంచి కనపడింది, 1959లో నేల మీద వెళ్ళి చూస్తే తుపాకులు కూడా కాలుతున్నాయి, టీ సంగతీ అప్పటిదే. లోపల ఒక్క మనిషి లేడు, పారాచూట్లు లేవు. ఆ ఐదుగురి అవశేషాలు 1960 ఫిబ్రవరిలో దొరికాయి. ముందుకెళ్ళిన ముగ్గురిలో షెల్లీ ఇంకో ముప్పై పైచిలుకు, రిప్‌స్లింగర్ నలభై పైచిలుకు కిలోమీటర్లు నడిచారు, మూడో మనిషి మూర్ ఆచూకీ తెలియలేదు. శకలాల్ని 1994లో లిబియాలోనే ఉన్న తోబ్రుక్‌కి తరలించారు, ఒక ప్రొపెల్లర్ మాత్రం అమెరికాలో లేక్ లిండెన్‌లో ఉంది, రేడియో ఆపరేటర్ లామాట్‌ది ఆ ఊరే.