తండా బడి నుంచి వాట్సాప్ పంపబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జమ్మకు మీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ మామయ్య మోకాలి నొప్పి తప్ప చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు.

పిల్లల తల్లిదండ్రులతో వాట్సాప్ గ్రూపు, తరగతిలో చేయించే పనులతో యూట్యూబ్ చానెల్ పెట్టబోతున్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ఉంటే, వాటిలో ఒకటి నీ కష్టంతో తెచ్చుకుని, బస్సు కూడా సరిగా లేని తండా బడికి నవ్వుతూ వెళ్లినదానివి, ఇలాంటిదేదో చేస్తావని అనుకుంటూనే ఉన్నాను. విన్నప్పుడు మీ మామయ్యతో గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ మెలకువలో అనుకున్నవే ఇవి.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. బడి పనికి వేరే సిమ్ తీసుకో. నీ సొంత నంబరు, నీ డీపీలోని పెళ్లిచూపుల ఫోటో ఊరందరి ఫోన్లలో ఉండనక్కరలేదు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఎవరికీ జవాబు ఇవ్వకు. ఏది మొదలుపెట్టినా ప్రధానోపాధ్యాయులకు కాగితం మీద రాసి ఇచ్చి చెయ్యి.

గ్రూపు విషయంలో మాత్రం నా మాట విను. గ్రూపులో ప్రతి తల్లి నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. భర్త వలస వెళ్లి ఒంటరిగా ఉంటున్న తల్లుల నంబర్లు ఎవరెవరి చేతుల్లో పడతాయో నువ్వు కాపలా కాయలేవు. దానికి బదులు బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టుకో. 256 మంది వరకు పడతారు, నీ బడికి అది మూడింతలు. ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు, వాళ్ల జవాబు నీకొక్కదానికే వస్తుంది. కాకపోతే నీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది కాబట్టి, తల్లిదండ్రుల సమావేశం రోజున ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని నువ్వే దాచిపెట్టాలి. ఆ పని చేసేటప్పుడు ఆ ఫోను నిజంగా ఎవరిదో అడుగు. దీని గురించే ఇంత వివరంగా వ్రాస్తున్నాను. మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి ఇది.

2019లో నేను ఏడో తరగతికి క్లాస్ టీచర్‌ను. ఎస్‌ఏ-1 (మొదటి సంగ్రహణాత్మక మూల్యాంకనం) పరీక్షల మార్కుల పట్టికను ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టి, "చివరి అయిదుగురి తల్లిదండ్రులు ఇంటి దగ్గర శ్రద్ధ పెట్టవలెను" అని కింద రాశాను. రెండు నిమిషాల పని. తప్పు చేస్తున్నానన్న అనుమానం రాలేదు సరికదా, అక్షరాలు స్పష్టంగా కనబడేలా ఫోటో వచ్చిందని సంతోషించాను కూడా. ఆ అయిదుగురిలో ఒక అమ్మాయి తండ్రికి చదువు రాదు. పొద్దుగూకాక పత్తి చేను నుంచి వచ్చి, బడి నుంచి ఏదో వచ్చిందని కూతురు చెప్పకముందే చూసుకుని, ఫోను పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లి చదివి పెట్టమన్నాడు. కొట్టతను గొంతెత్తి చదివాడు. పేరు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, ఒక్కొక్కటీ. నూనెకూ బీడీలకూ వచ్చినవాళ్లు నిలబడి విన్నారు. ఎవరో నవ్వారట.

మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. జ్వరమేమో అనుకుని మూడు రోజులు ఊరుకున్నాను, అది నా రెండో తప్పు. నాలుగో రోజు వెళ్తే తండ్రి మంచం వాల్చాడు, మంచినీళ్లు ఇప్పించాడు. "సదువు రాని పిల్లను బడికి తోలి ఏం లాభం మేడమ్, పత్తి ఏరితే కూలన్న వస్తది" అన్నాడు. కోపంగా అని ఉంటే నాకు జవాబు దొరికేది. అమ్మాయి గడప లోపలి నుంచి చూసింది కానీ నమస్తే పెట్టలేదు. పద్యం చదివితే తరగతి అంతా ఊరుకుని వినే పిల్ల అది, బుజ్జమ్మా! పట్టికలో దానికి గడి లేదు. ఆ ఫోటోను తీసేద్దామన్నా, అప్పట్లో పంపిన గంట దాటితే అందరి ఫోన్ల నుంచీ తొలగించే వీలుండేది కాదు. ఇప్పుడు రెండు రోజులకు పైగా గడువు ఉందంటారు, కానీ మా ఊరికి ఒక్క సాయంత్రం సరిపోయింది. ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టలేదు. సంక్రాంతి సెలవుల తరువాత పంపారు. అప్పటి నుంచి ఆఖరి బల్ల మీద కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.

అందుకే చెబుతున్నాను, మార్కులు, గైర్హాజరు, పిల్ల మీద ఫిర్యాదు ఎవరివి వారికే, అదీ నోటితో చెప్పు. నీ దగ్గర తల్లులు చాలామంది ఇంట్లో లంబాడీలో మాట్లాడుకునేవారు. ఆ భాషకు సొంత లిపి లేదు, తెలుగు రాత అందరికీ రాదు. వాయిస్ మెసేజ్ పెట్టు. ఆ భాష బాగా వచ్చిన ఒక తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె గొంతుతోనే పంపించు. పత్తి, మిర్చి ఏరే నెలల్లో పగలు పంపినది ఎవరూ వినరు. వాళ్లు కూలి నుంచి వచ్చే వేళ చూసుకుని, నువ్వు ఫోను పక్కన పెట్టేలోపు పంపు.

ఇక చానెల్ సంగతి. నేర్చుకోవడానికి ఇంత అవకాశం మా రోజుల్లో లేదు. 1990లలో బ్రిటన్ సాయంతో ఏపీపీఈపీ అనే ప్రాథమిక విద్యా పథకం నడిచినప్పుడు, ఉపాధ్యాయ కేంద్రంలో సమావేశమంటే అట్టముక్కలతో చేసిన బోధనోపకరణాలు (టీఎల్ఎం) సంచిలో పెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. ఎక్కడో ఒక టీచరు చింతగింజలతో స్థానవిలువ చెప్పడం చూసి వారం రోజులు మురిసిపోయాను. ఇప్పుడు అది నీకు మంచం మీదే దొరుకుతుంది. ముందు ఆరు నెలలు చూడు, నీ తరగతిలో చేసి చూడు, కుదరనిదాన్ని ఆ వీడియో పెట్టినవారికే రాసి అడుగు. తరువాత నీవి పెట్టు. వాటిలో నీ చేతులు, పలక, గింజలు కనబడితే చాలు. పిల్లల ముఖాలెందుకు? తప్పు చదివి బిక్కముఖం వేసిన పిల్లవాడిని చూపించి లైకులు తెచ్చుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. ఆ అనుమతి మీద వేలిముద్ర వేసే తల్లికి యూట్యూబ్ అంటే ఏమిటో ముందు నువ్వు చూపించాలి. చానెల్‌కు డబ్బు వచ్చే ఏర్పాటు చేసుకోవాలనుకుంటే, ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా సొంత వ్యాపారం కూడదని గుర్తుపెట్టుకో. జీతం ఆలస్యమైందని, పథకం బాగాలేదని ప్రభుత్వం మీద అందులో ఒక్క ముక్క కూడా అనకు. ఇంటికొచ్చి నా దగ్గర ఎంతైనా అను.

కసిరానని నొచ్చుకోకు. నీ వయసులో నాకు ఈ పనులు చెయ్యాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

ఒక నోటుబుక్కు కొని, పిల్ల పేరు పక్కన నాలుగు గడులు గియ్యి. ఫోను ఎవరిది, ఎన్ని గంటలకు ఇంట్లో ఉంటుంది, చదవగలరా, చదవలేకపోతే ఎవరి చేత చదివించుకుంటారు. ఆ నాలుగో గడి నింపడానికి ఇళ్లకు వెళ్లక తప్పదు. దసరాకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చుకో. కళ్లద్దాలు మార్చుకున్నాను, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మేనత్త