మాస్టారిని అడగండి: కొబ్బరికాయ లెక్క

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. ముమ్మిడివరం దగ్గర హైస్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. 2020 జాతీయ విద్యా విధానం బట్టీ తగ్గించమంటోంది కదా అని యూనిట్ టెస్టుల్లో 'రాము దగ్గర 48 కొబ్బరికాయలు ఉన్నాయి' లాంటి నిజజీవితం లెక్కలు ఇస్తున్నాను. పిల్లలు మాత్రం అంకెలు ఏరుకుని గుణించేసి పేపరు ఇచ్చేస్తున్నారు. ఎక్కడ తప్పుతున్నాను?
- ఒక టీచరు

జవాబు: అమ్మా, ఆ లెక్కలో కొబ్బరికాయలు తీసేసి గోళీలు పెట్టి చూడండి. ఏమైనా మారిందా? మారలేదని పిల్లలకీ తెలుసు.

నేనూ చేశాను ఈ పని. 'కాయ 8 రూపాయల 35 పైసలు చొప్పున 6 కాయలు ఎంత?' అని ఇస్తే వెనక బెంచీ కుర్రాడు లేచి, "ధర వెయ్యి కాయలకి చెబుతారండి. పైసల్లో ఎవరిస్తారండి?" అన్నాడు. వాళ్ళ నాన్న చెట్లెక్కి కాయల దింపు తీస్తాడు. క్లాసంతా నవ్వింది, నేను కసిరి కూర్చోబెట్టాను. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

తర్వాతి టెస్టుకి వాడినే అడిగి ఇలా రాశాను: '200 చెట్ల తోటలో 2,400 కాయలు దింపారు. తోటలోనే అమ్మితే వెయ్యికి 9,000 రూపాయలు. ఒలిపించి అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి తీసుకెళ్తే వెయ్యికి 11,000. ఒలుపు కూలి వెయ్యికి 900, బండి కిరాయి మొత్తం 1,500. ఎక్కడ అమ్ముతారు? ఎందుకు?' చెట్ల సంఖ్య లెక్కకి అక్కర్లేదు, కావాలనే పెట్టాను. బయట ఎవరూ మనకి కావలసిన అంకెలే ఏరి ఇవ్వరుగా.

అంబాజీపేటలో 1,140 రూపాయలు ఎక్కువొస్తాయి. ఒక పిల్ల అంతవరకూ సరిగ్గా కట్టి, కింద 'అయినా తోటలోనే అమ్ముతాను, బండితో వెళ్తే నాన్నకి రెండు రోజుల పని పోతుంది' అని రాసింది. 5కి 5 వేశాను. లెక్కకి 3, కారణానికి 2 అని ముందే అనుకోండి, లేకపోతే దిద్దేటప్పుడు మీకే టెన్షన్.

తోట మొహం చూడని పిల్లలూ ఉంటారు. 'ఒలుపు' అంటే పీచు తీయడమని పేపర్లోనే ఒక ముక్క రాయండి. లేకపోతే లెక్క వచ్చిన పిల్ల కూడా ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. పేపరంతా మార్చక్కర్లేదు, టెస్టుకి ఇలాంటిది ఒక్కటి చాలు. నా ధరలు పాతవి. ఈ వారం ధర ఎవరిని అడగాలా అనుకోకండి, మీ క్లాసులోనే ఉంటారు చెప్పేవాళ్ళు.