నల్లరేగడిలో సున్నం కలిపితే రోడ్డు నిలుస్తుందా?

శంకర్‌పల్లి దగ్గర మీ లేఅవుట్ రోడ్డు రెండు వానాకాలాలకే కుంగి నెర్రెలిచ్చిందని, ఈసారి కింది మట్టిలో సున్నం కలుపుదామని కాంట్రాక్టరు అంటే కమిటీలో సగం మంది ఒప్పుకోవడం లేదని రాశారు. నేను సైట్ ఇంజినీరుని. చేవెళ్ల వైపు ఇలాంటి నేలలోనే ఒక రోడ్డు చేయించాను. సున్నం పనిచేస్తుందండి. కాకపోతే ఎంత సున్నం వేస్తారని ఒక్కసారి అడిగితే, ఎలా కలుపుతారని పదిసార్లు అడగండి.

ఉప్పల్, ఎల్బీ నగర్ వైపు దొరికే ఎర్ర మొరం లాంటిది కాదు మీ మట్టి. రేగడిలోని సన్నని బంకరేణువులు వానకు నీళ్లు పట్టి ఉబ్బుతాయి, ఎండాకాలం ముడుచుకుంటాయి. కింద నేల అలా ఆడుతుంటే పైన తారు ఎంత మందం వేసినా ఆగదు. మా మట్టిని నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి సీబీఆర్ టెస్ట్ (నేల ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే పరీక్ష) చేయిస్తే 2 శాతం లోపే వచ్చింది. రోజుకు 450కి మించి లారీలు, బస్సులు తిరిగే రోడ్డుకైతే కనీసం 5 శాతం ఉండాలని ఐఆర్‌సీ 37 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం) చెబుతుంది. మీ రోడ్డు మీద అంత బరువు తిరగకపోయినా, 2 శాతం నేల మీద మళ్లీ తారు వేయడం డబ్బు దండగే.

సున్నం రెండు పనులు చేస్తుంది. అందులోని కాల్షియం బంకరేణువులను పట్టుకుని గుత్తులుగా చేరుస్తుంది. కొన్ని గంటల్లోనే జిగురు తగ్గి మట్టి రవ్వరవ్వగా విడిపోతుంది. ఆ తర్వాత నెమ్మదిగా, వారాలూ నెలలూ, మట్టిలోనే ఉన్న సిలికా, అల్యూమినాతో కలిసి సిమెంటులా గట్టిపడుతుంది. ఈ రెండో పని జరగాలంటే మట్టి పీహెచ్, అంటే క్షారగుణం కొలిచే అంకె, 12.4 దాకా వెళ్లాలి. ల్యాబ్‌లో రకరకాల పాళ్లలో కలిపి చూసి, ఆ అంకె వచ్చే కనీస మోతాదు పట్టుకుంటారు. మాకు 4 శాతం వచ్చింది. మీకు ఎంతో మీ మట్టే చెప్పాలి, మా లెక్క వాడకండి.

ఇక మా అనుభవం. మొదటి వంద మీటర్లలో ట్రాక్టర్ రోటావేటర్ రెండుసార్లే తిప్పారు. మబ్బు పట్టిందని ఆ సాయంత్రమే రోలర్ ఎక్కించేశారు, నేనూ ఆపలేదు. వానలు పడ్డాక సరిగ్గా ఆ వంద మీటర్లే ఉబ్బాయి. తవ్వి చూస్తే పిడికిలంత పెళ్లలు, పైన తెల్లగా సున్నం, లోపల నల్లటి రేగడి అలాగే ఉంది. సున్నం మట్టిలోకి చేరనే లేదు. అదంతా లేపి మళ్లీ వేశాం. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దారి చూపింది మా ట్రాక్టర్ డ్రైవర్. సొంత పొలం ఉన్న మనిషి. "పదును చూడకుండా రేగడిని ఎవరు దున్నుతారు సార్?" అన్నాడు. ఎండితే రాయి, ఎక్కువ తడిస్తే జిగట, మధ్యలో ఉన్నప్పుడే పెళ్ల పగులుతుంది. అప్పటినుంచి ట్యాంకర్‌తో తడిపి, పదునుకొచ్చాక సున్నం చల్లి, ఐదారుసార్లు తిప్పించాం. పైపైన రోలర్ తిప్పి ఒక రాత్రి వదిలేశాం. మర్నాడు మళ్లీ కలిపి, అప్పుడు గట్టిగా రోలింగ్ చేశాం. తర్వాత వారం రోజులు తడి ఆరనివ్వలేదు, బండి ఎక్కనివ్వలేదు.

బస్తాల లెక్క మీరే చూసుకోవచ్చు. 30 సెంటీమీటర్ల మందానికి చదరపు మీటరుకు పొడి మట్టి సుమారు 480 కిలోలు ఉంటుంది. 4 శాతం అంటే 19 కిలోల పైచిలుకు. అంటే 25 కిలోల బస్తా 1.3 చదరపు మీటర్లకే సరిపోతుంది. నేల మీద గళ్లు గీయించి బస్తాలు పెట్టించండి. చిరిగిన బస్తాలు, రోజుల తరబడి తెరిచి ఉంచినవి తీసుకోవద్దు. గాలి తగిలిన సున్నం సుద్దగా మారిపోతుంది, ఇక దేనికీ పనికిరాదు.

కూలీలకు కళ్లద్దాలు, గ్లౌజులు ఇప్పించడం మర్చిపోకండి. గాలి వీచేటప్పుడు చల్లనివ్వొద్దు. కంట్లో సున్నం పడితే చూపే పోవచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇదంతా వృథా. మీ రోడ్డులో ఏ ముక్కైనా పాత చెరువు శిఖంలో ఉండి, మీటర్ల లోతున మెత్తటి ఒండ్రు ఉంటే పై అడుగు మందం గట్టిపడినా మొత్తం కుంగుతుంది. అలాంటిచోట నేలలోకి లోతుగా ఆగర్ (మరలాంటి పెద్ద బర్మా) దించి, సిమెంటో సున్నమో లోపలే కలుపుతూ స్తంభాలు చేస్తారు. 1970లలో స్వీడన్‌లో, జపాన్‌లో వాడుకలోకి వచ్చిన పద్ధతి అది. కాలనీ బడ్జెట్‌కు అందదు. కాబట్టి ముందే మూడు నాలుగు చోట్ల గుంట తీయించి చూడండి.

పక్క కాలువలు కూడా ఇదే పనిలో చేయించండి. నీళ్లు అంచున నిలిస్తే పక్కనున్న రేగడి ఉబ్బి, రోడ్డు అంచులను లేపుతుంది.

రోలింగ్‌కు ముందు ప్రతి యాభై మీటర్లకు ఒక గుంట తీయించి, దాని గోడ మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. ల్యాబ్ కెమికల్స్ షాపులో దొరుకుతుంది. సున్నం చేరినచోట గులాబీ రంగు వస్తుంది. పైనుంచి 30 సెంటీమీటర్ల దాకా ఎడం లేకుండా గులాబీగా కనిపిస్తేనే రోలర్ ఎక్కనివ్వండి. మధ్యలో నల్లటి మచ్చలుంటే రోటావేటర్ మళ్లీ తిప్పించండి.