యాప్ మూతపడితే మనం కొన్న పుస్తకాలు ఎవరివి?

డబ్బు పెట్టి కొన్న తెలుగు ఈ-పుస్తకాలు యాప్ మూతపడ్డాక తెరుచుకోవడం లేదని, వాటి మీద మనకేమైనా హక్కు ఉందా అని మీరు అడిగారు. మూడేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

చూపు మందగించి అచ్చు అక్షరాలు మా అమ్మ కంటికి ఆనడం లేదని, ట్యాబ్‌లో పెద్దవి చేసుకొని చదువుకుంటుందని, ఒక యాప్‌లో 40కి పైగా నవలలు, కథా సంపుటాలు కొనిచ్చాను. నచ్చిన వాక్యాల కింద ఆవిడ గీతలు గీసుకునేది, పక్కన రెండు ముక్కలు రాసుకునేది. ఒకరోజు సేవలు నిలిపివేస్తున్నామని మెయిల్ వచ్చింది. నెల తిరిగేసరికి ఏ పుస్తకాన్ని తాకినా లాగిన్ అడగడం, అది విఫలం కావడం తప్ప పేజీ తెరుచుకోలేదు.

ఫైలు ఎక్కడికీ పోలేదు. డీఆర్ఎం అనే ఏర్పాటులో పుస్తకాన్ని సంకేతాలుగా మార్చి తాళం వేస్తారు. తాళంచెవిని ఇచ్చేది కంపెనీ సర్వరు కాబట్టి, సర్వరు ఆగిపోతే పుస్తకం మన దగ్గరే ఉన్నా చదవలేము. పెద్ద కంపెనీల విషయంలోనూ ఇది జరిగింది. 2009లో అమెజాన్, హక్కులు లేని సంస్థ అమ్మకానికి పెట్టిందన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ నవలలను పాఠకుల కిండిల్ పరికరాల నుంచి తొలగించి డబ్బు వెనక్కి ఇచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని మూసివేసినప్పుడు ధర తిరిగి చెల్లించడమే కాక, పుస్తకాల్లో గుర్తులు పెట్టుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చింది. మాకైతే చివరి కొన్ని నెలల్లో కొన్నవాటికి మాత్రమే డబ్బు వచ్చింది. అమ్మ రాసుకున్న మాటల గురించి ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. ఏ పుస్తకంలో ఏ పేజీ దగ్గర ఆగిందో, రాత్రి ఎన్ని గంటల వరకు చదివిందో కూడా వారి సర్వరుకు తెలుసు. ఆ వివరాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న నన్ను డబ్బు కన్నా ఎక్కువ బాధపెడుతోంది.

ఇక హక్కు సంగతి. 'కొనండి' అన్న మీట నొక్కినా, నిబంధనల ప్రకారం మనకు దక్కేది వాడుకునే అనుమతి మాత్రమే. ఈ సంగతిని అమ్మకందారు కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో చేసిన చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మన కాపీరైటు చట్టానికి 2012 సవరణలో చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొట్టడాన్ని నేరంగా చేసింది. చట్టం నిషేధించని అవసరాలకు మినహాయింపు ఉంది. అయితే ఆ మినహాయింపును వాడుకునే సాంకేతిక జ్ఞానం మా అమ్మ వంటి పాఠకులకు ఎక్కడ ఉంటుంది?

మీరు వెంటనే చేయవలసిన పని, ఆ యాప్‌ను తీసివేయకుండా, ఫోనును రీసెట్ చేయకుండా ఉంచడం. తాళంచెవి ఫోనులోనే నిలిచి ఉంటే, నెట్ ఆపినప్పుడు కొన్ని పుస్తకాలైనా తెరుచుకోవచ్చు. తెరుచుకుంటే మీరు రాసుకున్నవాటిని ముందుగా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. బిల్లులన్నీ ఒకచోట చేర్చి, కంపెనీకి రాతపూర్వకంగా అడిగిన తరువాత, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.

నేనిప్పుడు తాళం లేని ఈపబ్ లేదా పీడీఎఫ్ ఇచ్చేవారి దగ్గర మాత్రమే కొని, రెండు చోట్ల దాచిపెడుతున్నాను. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన రచనలకు మన దేశంలో కాపీరైటు ఉండదు కాబట్టి, గురజాడ, కందుకూరి వంటివారి రచనలను తెలుగు వికీసోర్స్ నుంచి దించి అమ్మకు ఇస్తున్నాను. మా ఊళ్లో అద్దె పుస్తకాల షాపు ఎత్తివేసిన రోజున యజమాని తూకానికి అమ్మితే అమ్మ కొనుక్కున్న నవలలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. వాటిలో కొన్నింటిని నేనే స్కాన్ చేసి ఆవిడ ట్యాబ్‌లోకి ఎక్కిస్తున్నాను.