ఒక్క అంతస్తు కోసం లక్షా పదిహేను వేలా?

ప్రశ్న: మాది గుంటూరు. అరండల్‌పేటలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల మీదే ప్రధానంగా బతుకు. ఏడాదికి 11 లక్షల దాకా వస్తే, ఖర్చులు పోను నాలుగున్నర మిగులుతుంది. మావారు ఏడాదిగా బిల్డర్లకు అపార్ట్‌మెంట్ల ఫొటోలు కూడా తీస్తున్నారు, ఒక్కోదానికి 8,000. ఈమధ్య ఒక ఆర్కిటెక్ట్ 'గోడలు వాలిపోకుండా నిటారుగా తీస్తే 12,000 ఇస్తా, నెలకు రెండు పనులుంటాయి' అన్నారట. అప్పట్నుంచి టిల్ట్-షిఫ్ట్ లెన్స్ కావాలని పట్టుబట్టారు. మాది సోనీ ఏ7 ఫోర్ మిర్రర్‌లెస్ కెమెరా. కెనాన్ 24 ఎంఎం టీఎస్-ఈ పాతది 92,000కు దొరుకుతోంది, దానికి 3,000 పెట్టి అడాప్టర్ తగిలిస్తే చాలని ఆయన లెక్క. సోనీకి నేరుగా సరిపోయే లావోవా 20 ఎంఎం షిఫ్ట్ లెన్స్ కొత్తది 1,15,000 చెప్పారు. డబ్బుకు మూడు దారులున్నాయి. 20 నెలల 2 లక్షల చీటీ ఉంది, 8 కట్టాం, ఇప్పుడు పాడితే 34,000 పోతుంది. లేదంటే నా గాజులు బ్యాంకులో పెట్టాలి. అదీ కాదంటే కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. చీటీ మాత్రం పాప ఇంటర్ ఫీజు కోసం వేసింది, ఇప్పుడు తొమ్మిది చదువుతోంది. ఏది మేలు సార్?

జవాబు: అమ్మా, మీరు అడిగింది మూడు అప్పుల గురించి. నా కన్ను మాత్రం ఆ 3,000 అడాప్టర్ దగ్గరే ఆగిపోయింది. ముందు దాని సంగతి తేలాలి.

కెమెరాల్లో నా ప్రవేశం అంతంతమాత్రం. అందుకని బ్రాడీపేటలో మా ఆఫీసు కిందే స్టూడియో నడిపే మిత్రుణ్ణి బతిమాలాను. మీవారు చూసిన లెన్సే అతని దగ్గరా ఉంది, పైగా కెమెరా కూడా సోనీయే. ఇద్దరం రోడ్డు మీదికి వెళ్లాం. బ్రాడీపేట లైన్ల సంగతి మీకు తెలిసిందే, ఎదుటి బిల్డింగు మొత్తం కనపడాలని వెనక్కి నడిస్తే మన వీపుకు ఇవతలి గోడ తగులుతుంది. ట్రైపాడ్ మీద కెమెరాను లెవెల్ చూసి సమంగా పెట్టాడు. తెర మీద సగం అపార్ట్‌మెంటు, సగం రోడ్డు. నిలబెట్టిన స్కూటీలు, ఒక ఇస్త్రీ బండి. లెన్స్ పక్కనున్న చిన్న మర తిప్పాడు. కెమెరా కదల్లేదు, లెన్స్ ఒక్కటే మిల్లీమీటరు మిల్లీమీటరుగా పైకి జరిగింది. షిఫ్ట్ అంటే ఇదే. తెర మీద ఇస్త్రీ బండి కిందికి జారి మాయమైంది. పైనుంచి పిట్టగోడ, దాని వెనకాల నీళ్ల ట్యాంకు దిగొచ్చాయి. గోడలు మాత్రం తాపీమేస్త్రి తూకం వేసి చూసినట్టు నిటారుగా నిలబడ్డాయి. తర్వాత అదే కెమెరాను మామూలుగా తలెత్తి చూపించాడు. బిల్డింగు వెనక్కి వాలి, పైన సన్నబడిపోయింది. ఆర్కిటెక్ట్ వద్దంటున్నది దీన్నే. కాబట్టి మీవారి కోరిక ఉత్త మోజు కాదు.

ఇక అడాప్టర్. ఈ రకం కెనాన్ లెన్సులు, వాటి బిగింపు అంచు సెన్సర్‌కు, అంటే లోపల బొమ్మ పడే చిప్పుకు, 44 మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా చేసినవి. సోనీ మిర్రర్‌లెస్‌లో ఆ దూరం 18. మిగిలిన 26 మిల్లీమీటర్లు పూడ్చడానికి గాజుముక్క కూడా అక్కర్లేదు, ఉత్త గొట్టం చాలు. అందుకే 3,000కు వస్తుంది. కానీ ఆ లెన్స్‌కు అపర్చర్ రింగు, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని చేత్తో పెద్దదీ చిన్నదీ చేసే చక్రం, లేదు. ఎంత తెరుచుకోవాలో కెమెరా కరెంటు సంకేతంతో చెప్పాలి. ఉత్త గొట్టం ఆ సంకేతం మోయదు. లెన్స్ ఎఫ్/3.5 దగ్గర బార్లా తెరుచుకుని ఉండిపోతుంది. బిల్డింగులు తీసేది ఆ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర, అందులోనూ లెన్స్‌ను పక్కకు జరిపినప్పుడు మూలలు స్ఫుటంగా రావాలంటే అపర్చర్ మూయక తప్పదు. పైగా చవక గొట్టంలో వెంట్రుకవాసి లూజున్నా ఫొటోలో ఒక పక్క మసకబారుతుంది. ఆ సంకేతం మోసే కాంటాక్టులున్న మెటాబోన్స్ కంపెనీ అడాప్టర్‌కు మా మిత్రుడు 28,000 పెట్టాడు. అది కలిపితే మీవారి 95,000 లెక్క 1,20,000 అవుతుంది. వారంటీ లేని పాత లెన్స్, సీలు విప్పని కొత్త లెన్స్ కన్నా 5,000 ఎక్కువ.

మీది కెనాన్ ఆర్ సిరీస్ అయితే కథ వేరు. కంపెనీ సొంత అడాప్టర్‌తో ఆ లెన్స్ చక్కగా పనిచేస్తుంది. నికాన్ జెడ్ కెమెరాల వాళ్లకు, ఆ కంపెనీ పీసీ-ఈ టిల్ట్-షిఫ్ట్ లెన్సులు తగిలించడానికి ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్ ఉంది. పాత మీడియం ఫార్మాట్ (పెద్ద ఫిల్ము కెమెరాల) లెన్స్‌కు షిఫ్ట్ అయ్యే అడాప్టర్ పెట్టుకునే చవక దారి కూడా ఉందిగానీ, వాటిలో మామూలుగా దొరికేవాటిలో అన్నిటికన్నా వెడల్పుగా చూపించేది 35 ఎంఎం. ఈ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ పడుతుంది. గుంటూరు సందుల్లో దాంతో గేటు తప్ప ఏమీ పట్టదు.

కెనాన్ దాంట్లో ఉండి లావోవా దాంట్లో లేనిది టిల్ట్. లెన్స్‌ను వంచి ఫోకస్ పడే తలాన్నే వాల్చడం. నగల దుకాణం కేటలాగ్‌కు ట్రేలో ముందు వరస ఉంగరం నుంచి వెనక వరస హారం దాకా అన్నీ స్పష్టంగా రావాలంటే అది పనికొస్తుంది. మీ ఉత్తరంలో నగల పని ఊసే లేదు. లేని పనికి డబ్బు పెట్టొద్దు. సోనీ కెమెరా మీద, బిల్డింగులకు మాత్రమే అయితే లావోవాయే సరి. అపర్చర్ రింగు లెన్స్ మీదే ఉంటుంది, అడాప్టర్ గొడవ లేదు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, కానీ బిల్డింగు ఎక్కడికీ పారిపోదు.

ఇప్పుడు అసలు లెక్క. మీవారి దగ్గర 16-35 ఎంఎం జూమ్ లెన్స్ ఉండే ఉంటుంది, పెళ్లి ఫొటోగ్రాఫర్లలో అది లేనివాళ్లు అరుదు. బిల్డింగుకు పది మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తున, కెమెరాను నిలువుగా, ఏమాత్రం తలెత్తకుండా సమంగా పెట్టి 16 ఎంఎంలో తీస్తే దాదాపు 12.75 మీటర్ల ఎత్తు దాకా పడుతుంది. కింద రోడ్డు చాలా వస్తుంది, దాన్ని కత్తిరించేయాలి. కత్తిరించాక 33 మెగాపిక్సెళ్లలో 20 దాకా మిగులుతాయి. ఏ4 సైజు బ్రోచర్‌ను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేయడానికి 9 కూడా అక్కర్లేదు. గోడలు నిటారుగానే ఉంటాయి, ఎందుకంటే కెమెరా తలెత్తలేదు. అదే చోటి నుంచి కెనాన్ 24ను 12 మిల్లీమీటర్లు జరిపితే 14 మీటర్ల దాకా, లావోవా 20ను 11 మిల్లీమీటర్లు జరిపితే 16 మీటర్ల దాకా వస్తుంది. అంటే ఉన్న లెన్స్‌కూ కొనబోయే లెన్స్‌కూ తేడా మూడుంపావు మీటర్లు. ఒక్క అంతస్తు.

ఆ ఒక్క అంతస్తు ఎదురింటి మొదటి అంతస్తు బాల్కనీ ఎక్కినా వస్తుంది. కెమెరా నాలుగున్నర మీటర్ల ఎత్తుకు పోతే 16 ఎంఎంకే 15.75 మీటర్లు అందుతాయి. ఎదురింటివాళ్లు మంచివాళ్లైతే కాఫీ కూడా ఇస్తారు. ఈ లెక్క మా మిత్రుడికి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఆర్కిటెక్టులు ఇంత కత్తిరింపు ఒప్పుకోరు, పెద్ద ప్రింటుకు పిక్సెల్స్ కావాలి, అక్కడికక్కడే ఫ్రేము కుదరాలి' అన్నాడు. నిజమే కావచ్చు. ఒప్పుకుంటారో లేదో తేల్చాల్సింది మాత్రం ఆ ఆర్కిటెక్టే. మొదటి రెండు బిల్డింగులు ఉన్న లెన్స్‌తో ఇలా తీసి పంపమనండి. 12,000 ఇస్తే ఇక మనకు సమస్యే లేదు. వెనక్కి పంపితే అప్పుడు అద్దె.

హైదరాబాద్‌లో అద్దెకిచ్చేవాళ్లు మా మిత్రుడికి రోజుకు 1,500 చెప్పారు. రెండు రోజుల అద్దె, రానూపోనూ కొరియర్ కలిపి 4,000. ఒక బిల్డింగుకు మీకు వచ్చే అదనం కూడా 4,000 కాబట్టి ఒక్కటే తీస్తే మిగిలేది సున్నా. నెలకు రెండు పనులూ ఒకే అద్దెలో కానిస్తే 4,000 చేతికొస్తుంది. అలా మూడు నెలలు, ఆరు బిల్లులు. 'నెలకు రెండు పనులుంటాయి' అనడం వేరు, బిల్లు కట్టడం వేరు. నేను ఇరవయ్యేళ్లుగా చూస్తున్నది ఈ తేడానే.

కొంటే ఎన్ని పనులకు గిట్టుతుంది? 1,15,000ను 4,000తో భాగిస్తే 29 బిల్డింగులు. నెలకు రెండు నిజంగా వస్తే పద్నాలుగున్నర నెలలు. మూడేళ్లు వాడి 60,000కు అమ్మగలిగితే నికరంగా పోయేది 55,000, అంటే 14 బిల్డింగులు. ఇలాంటి లెన్స్ కొనేవాళ్లు మన ఊళ్లో పదిమంది కూడా ఉండరు కాబట్టి ఆ 60,000 మీద నేనైతే ఇప్పుడే ఆశ పెట్టుకోను. పన్ను లాభం కూడా పెద్దగా లేదు. మీ టర్నోవర్ 20 లక్షల లోపు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఉండదు, కాబట్టి లెన్స్ ధరలో కలిసిన జీఎస్టీ వెనక్కి రాదు. ప్రిజంప్టివ్ పద్ధతిలో, అంటే టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని అంచనాగా చూపి, రిటర్న్ వేస్తుంటే తరుగుదల విడిగా చూపించడానికీ కుదరదు.

ఆరు బిల్లులూ వసూలై, కొనక తప్పదని తేలితే మీ మూడు దారుల సంగతి చూద్దాం. చీటీ వద్దు. పోయే 34,000లో కమీషన్ 10,000 అనుకుంటే అది ఆఖర్న తీసుకున్నా పోయేదే. మిగతా 24,000 మాత్రం ఏడాది ముందు 1,66,000 తీసుకున్నందుకు మీరు కడుతున్న వడ్డీ. రూపాయి పావలాకు కాస్త తక్కువ. పైగా అది పాప ఫీజు. మన గుంటూరు, విజయవాడల్లో ఇంటర్ ఫీజు లెన్స్ గిట్టుబాటయ్యేదాకా ఆగదు.

ఈఎంఐకి నో కాస్ట్ అని పేరేగానీ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడతాయి, నగదుకిచ్చే తగ్గింపూ పోతుంది. నా అసలు అభ్యంతరం మరొకటి. మీ ఆదాయం ముహూర్తాలను బట్టి వస్తుంది. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, ఈఎంఐకి మూఢం లేదు. ఒక్క నెల కార్డు బాకీ మిగిలిందంటే మూడు రూపాయల పైనే వడ్డీ.

నచ్చదని తెలిసే చెబుతున్నాను, మూడింట్లో చవక మీ గాజులే. బ్యాంకులో ముప్పావలా వడ్డీకి అటూఇటూగా దొరుకుతుంది, పెళ్లిళ్ల డబ్బు రాగానే ఎప్పుడైనా కట్టేసి విడిపించుకోవచ్చు. అయితే మొత్తం దాని మీద వద్దు. అద్దె రోజుల్లో మిగిలింది, ఒక సీజన్ మిగులు కలిపి సగం జమయ్యాక తక్కిన సగానికే పెట్టండి. ఆరు నెలల్లో విడిపించాలి. రసీదు మీ పేరు మీదే ఉండాలి, స్టూడియో ఖాతాలో ఆ అప్పు రాయాలి. గాజులు మీవి, లెన్స్ వ్యాపారానిది.

ఈలోగా లావోవాయే సెకండ్ హ్యాండ్‌లో తగిలితే, మీవారిని కెమెరా పట్టుకెళ్లమనండి. టైల్స్ గోడ ఎదురుగా సమంగా పెట్టి, లెన్స్‌ను పూర్తిగా అటు ఒకసారి, ఇటు ఒకసారి జరిపి, ఎఫ్/8లో తీసి, రెండు చివర్లూ ఒకేలా ఉన్నాయో లేదో పెద్దది చేసి చూడాలి. కెమెరాను సమంగా పెట్టి లెన్స్‌ను పైకి జరిపి వదిలినప్పుడు అది తన బరువుకు తానే కిందికి జారకూడదు. టార్చి వేసి లోపల బూజు కూడా చూడాలి, మన కృష్ణా తీరపు ఉక్కకు అది త్వరగా పడుతుంది. పాతదైనా కొత్తదైనా బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ఇంటి బీమాలో వ్యాపార సామాను రాదు. కెమెరా, లెన్సులకు విడిగా పాలసీ తీసుకుంటే క్లెయిమ్ అప్పుడు మొదట అడిగేది ఆ నంబరే.